మేము రాం

లారీ గుద్దితే మనిషి చావాలి, లేదంటే బతకాలి. యశ్వంత్ ఆ రెండిట్లో ఏదీ చెయ్యలేదు. ఏడాదిన్నరగా రుషికొండ మీద ప్రతిలోక కేంద్రంలో, కిటికీ పక్క మంచం మీద, నెత్తికి వలలాంటి టోపీ తగిలించుకుని పడుకుని ఉన్నాడు. పడుకుని ఉన్నాడని మనం అనుకోవడమే. ఆయనగారి లెక్కలో ఆయనగారు రాక్షసుల్ని చంపుతున్నారు.

ఇంకో దారుణం ఏమిటంటే, ఆ కుర్రాడికి అలాంటి కథలంటేనే పిచ్చి. కాలేజీ రోజుల్నించీ ఫోన్లో అవే. ఎందుకూ పనికిరానివాడొకడు రోడ్డు దాటుతుంటాడు, లారీ వచ్చి గుద్దుతుంది, కళ్ళు తెరిచేసరికి వేరే లోకం. చేతిలో కత్తి, నెత్తిన కిరీటం, పక్కన ఇద్దరో ముగ్గురో తోడు. ఆ తోడువాళ్ళకి ఇల్లుండదు, వాకిలుండదు, సొంత పనంటూ ఉండదు. వీడి వెనక తిరగడానికే పుట్టినట్టు తిరుగుతారు. వీడికి తగలాల్సిన బాణం వాళ్ళకి తగులుతుంది. రక్తం కారుతుండగానే "తమరికేం కాలేదు కదా ప్రభూ" అని వాళ్ళే అడుగుతారు. ఒకసారి వాడి భుజం మీంచి తొంగిచూసి అక్క నూకరత్నం, "వీళ్ళకి సెలవులుండవేట్రా?" అంది. యశ్వంత్ పడీపడీ నవ్వాడు. నీకర్థం కాదులే అక్కా అన్నాడు.

నూకరత్నం సిటీ బస్సు నడుపుతుంది, గాజువాక నుంచి సింహాచలం. ఆడపిల్ల పుడితే నాయనమ్మ పేరు తగిలించేసి, మగపిల్లాడు పుట్టేసరికి పేపర్లన్నీ తిరగేసి పేరు వెతికిన ఇల్లు వాళ్ళది. మిగతాది మీరే అర్థం చేసుకోండి.

ప్రమాదం అయ్యాక ఆస్పత్రులన్నీ చేతులెత్తేశాయి. ప్రతిలోక కేంద్రం డాక్టర్ మాధురీలత మాత్రం ఎత్తలేదు. "మెదడు చావలేదమ్మా, పనిలేక ఆరిపోతోంది. బాబుకి నచ్చిన లోకం ఒకటి లోపల కట్టి ఇద్దాం. అందులో తిరుగుతుంటే మేలుకుని ఉంటాడు. మేలుకుని ఉంటే ఏదో ఒకరోజు ఇటు తిరుగుతాడు," అంది. కట్టి ఇచ్చారు. కోట, కత్తి, కిరీటం, ఏదీ తక్కువ చెయ్యలేదు. కానీ యంత్రం తయారుచేసిన తోడువాళ్ళని పంపితే పూట గడవకముందే పసిగట్టేసి మొహం తిప్పుకున్నాడు. బొమ్మలతో ఎంతసేపని కబుర్లాడతాడు? నిజంగా బతికిన మనిషి మనసు కావాలి. ఆ మనిషెవరూ అంటే అందరూ రత్నం వైపే చూశారు. ఇంకెవరున్నారు నేను తప్ప అని రత్నం కూడా అనుకుంది, అదీ చెప్పుకోవాలి. కుర్చీలో పడుకోబెట్టి, తలకి తీగలు తగిలించి, ఒక పగలంతా ఆమె మనసుని అచ్చుతీశారు. దాన్ని వాళ్ళు ముద్ర అంటారు. ఆ ముద్రలోంచి తమ్ముడి జ్ఞాపకాలు తీసేసి, వేరే ఒళ్ళూ వేరే మొహం తొడిగి లోపలికి పంపారు. యశ్వంత్ దానికి బంటు అని పేరు పెట్టుకున్నాడు.

కుర్చీ దిగిన దగ్గర్నించి రత్నం ఎడమచెయ్యి వణకడం మొదలెట్టింది. వణికే చేతికి స్టీరింగు ఎవరిస్తారు? డిపోలో ఒక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తన బస్సుని వేరేవాళ్ళు గేటు దాటిస్తుంటే కిటికీలోంచి చూస్తూ ఏడాది పైన గడిపింది. వణుకు తగ్గి, పరీక్షలన్నీ పాసై, పోయిన నెలే మళ్ళీ బస్సెక్కింది. ఎక్కినరోజు అవసరం లేకపోయినా రెండుసార్లు ఎక్కువే హారన్ కొట్టింది.

ఇదుగో, సరిగ్గా ఇలాంటప్పుడు తల్లి సన్యాసమ్మ దగ్గర్నించి ఫోన్.

"బేగి రాయే. తమ్ముడు కూలబడిపోయాడంట."

రత్నం డ్యూటీ అప్పగించి పరుగెత్తింది. డాక్టర్ మాధురీలత తెర చూపించింది. తెర మీద ఏరు పారుతోంది. ఒడ్డున రాయి మీద యశ్వంత్, ఒంటినిండా బంగారు కవచం, గడ్డం కింద చెయ్యి. వాడికి దూరంగా పొయ్యి చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. పిల్లి చెవుల పిల్ల బంటు. నెత్తిన కొమ్ములున్న బండమనిషి. వైద్యం చేసే ముసలమ్మ.

"ఈ ఒడ్డు దాకా వస్తారు. బాబుని మోసుకుని ఏరు దాటించాల్సింది వీళ్ళే. దాటించరు. బాబు కూర్చుండిపోతాడు. కూర్చుంటే చూడండి, మెదడు మేలుకుని ఉందని చూపించే ఈ గీత దిగిపోతోంది," అంది డాక్టరు. "ఇలా మొరాయించినప్పుడల్లా చెరిపేసి, ముద్రని మొదట్నించి మొదలెడతాం. వాళ్ళకి గతమేదీ గుర్తుండదు. మొదట్లో మొరాయింపు రావడానికి నెలలు పట్టేది. ఇప్పుడు నాలుగు రోజులకే వచ్చేస్తోంది. విచిత్రమేమిటంటే, విధేయత మార్కులు చూస్తే నిండుగా ఉన్నాయి."

ఆ మార్కుల కథ వేరే ఉంది. పై ఆఫీసువాళ్ళకి తెలుగు రాదు. అందుకని లోపలి మాటలన్నీ ఇంగ్లీషులోకి మారి తెర మీద పడతాయి. తోడుమనిషి 'ఐ' అంటే మార్కు తగ్గుతుంది, 'వుయ్' అంటే పెరుగుతుంది. తనని వీరుడితో కలిపి చెప్పుకుంటోందంటే నమ్మకంగా ఉన్నట్టే కదా అని వాళ్ళ లెక్క. రత్నం ఆ వరసలు చూసింది. ఒకప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి. ఈమధ్య అన్నీ వుయ్, వుయ్, వుయ్.

"ఈ ఇంగ్లీషు కాదండి. అసలు మాట వినిపించండి."

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటే అయితే వినిపించడానికేం?"

డాక్టరు మీట నొక్కింది. యశ్వంత్ గొంతు వినపడింది. "లేవండి. చీకటి పడేలోగా మనం దాటెయ్యాలి." తర్వాత బంటు గొంతు. సన్నగా తియ్యగా మార్చారు గానీ, మాట తీరు ఎక్కడికి పోతుంది?

"నువ్వెళ్తే వెళ్ళు. మేము రాం."

డాక్టర్ మాధురీలతది బందరు. పొద్దున్న లేచిన దగ్గర్నించి తెలుగులోనే మాట్లాడుతుంది, కోపమొస్తే తెలుగులోనే కసురుతుంది. ఈ మాటల్ని మాత్రం ఇన్నాళ్ళూ కళ్ళతో ఇంగ్లీషులో చదివిందే తప్ప చెవిన పడనివ్వలేదు. మనం అన్నా వుయ్యే, మేము అన్నా వుయ్యే ఆ భాషకి. కలుపుకున్నా అదే మాట, పక్కకి నెట్టేసినా అదే మాట. నమ్మకం పెరుగుతోందని మార్కులు చూసుకుని వీళ్ళు మురిసిపోయిన రోజులన్నీ, లోపలివాళ్ళు యశ్వంత్‌ని వెలివేసిన రోజులు.

"ఇది నా పొరపాటే. వినాల్సింది," అంది డాక్టరు.

రత్నం మనసు అప్పటికే ఇంకోచోట చిక్కుకుంది. "మేము అంటే ఎవరెవరండీ? నా ముద్ర బంటు ఒక్కతే కదా. ఒక్కతి అయితే నేను రాను అనాలి."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఆ కొమ్ములాయన ఎవరండీ?"

"మీరే."

"ముసలమ్మ?"

"ఆవిడా మీరే. ముద్ర చేతిలో ఉంది, బాబుకి ఒక్క తోడు చాలడం లేదు. అమ్మగారిని అడిగాం. సరే అన్నారు."

రత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మనసది? ఎవరి అచ్చు? కుర్చీలో పడుకున్నదెవరు, చెయ్యి వణికిందెవరికి? మూడు ముక్కలు చేసి వాడి చుట్టూ కాపలా పెట్టి, పక్కింటికి అట్లపెనం ఇచ్చినట్టు అమ్మ సరే అనేస్తే సరిపోయిందా! తల్లి వైపు చూసింది. సన్యాసమ్మ కొడుకు కాళ్ళ మీద దుప్పటి సర్దుతోంది.

"ఈ ముద్ర అరిగిపోయిందని నా అనుమానం," అంది డాక్టరు మెల్లగా. "కొత్తది తీద్దాం. ఈసారి ముందు ఇంజెక్షన్ ఇస్తాం, మనసు ప్రశాంతంగా ఉంటుంది. అమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంటే ముద్ర మెత్తగా వస్తుంది. పాత మూడూ తీసేస్తాం."

"చెయ్యి?"

"వణుకు మళ్ళీ రావచ్చు. ఈసారి తగ్గుతుందని మాటివ్వలేను. కానీ ఆ గీత ఇలాగే దిగితే బాబు మనకి దక్కడు. అది కూడా దాచి లాభం లేదు."

సాయంత్రం గాజువాక ఇంట్లో సన్యాసమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. రత్నం గుమ్మంలో నుంచుంది, చెప్పులు కూడా విప్పలేదు.

"నన్ను ముగ్గుర్ని చేస్తామంటే సరే అన్నావా?"

"ఆడు ఒక్కడే అయిపోతున్నాడన్నారు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెప్తే ఒద్దంటావా ఏటి నువ్వు?" సన్యాసమ్మ కత్తిపీట మీంచి తలెత్తలేదు. "నువ్వేటీ అనవనుకున్నాను."

నువ్వేమీ అనవనుకున్నాను! తిట్టినా ఇంత మండేది కాదు రత్నానికి. తండ్రి పోయిననాడు చదువు ఆపెయ్యమన్నప్పుడు ఏమీ అనలేదు. మొదటి జీతంతో కొనుక్కున్న బండి తమ్ముడికి కాలేజీకి కావాలంటే తాళాలు ఇచ్చేసింది, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని ఈ ఇంట్లో అందరూ ఒప్పుకోవడం కింద రాసేసుకున్నారు. అడగడం కూడా మానేశారు.

"ఇప్పుడు అంటున్నాను అమ్మా. నాకు ఒళ్ళు మండుతోంది."

"మండనీ. తిట్టు, కొట్టు. కానీ రేపు ఒక్కసారి పడుకోవే." సన్యాసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆడు పోతే నేను బతకను. నీకు చెయ్యేగా వణుకుతాది."

చెయ్యేగా! రత్నం తన ఎడమచేతిని చూసుకుంది. పిడికిలి బిగించింది, విప్పింది. వణుకు లేదు. ఎంత బాగుంది, వణకని చెయ్యి. తల్లి ఏడుస్తుంటే జాలేసింది, కోపమూ తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆమెకి ఆ పూటే తెలిసింది.

"ముందు వాళ్ళతో మాట్లాడతాను. తర్వాత చెప్తాను," అంది.

మర్నాడు డాక్టరు ఒప్పుకుంది. చూసి రావడానికి లోపలికి వెళ్ళడం వేరు, అచ్చు తియ్యడం వేరు, ఊరికే చూసొస్తే చెయ్యి వణకదంది. రత్నం ఒకే ఒక్క షరతు పెట్టింది. "నేను లోపలున్నంతసేపూ ఎవరేమన్నా ఏదీ చెరపకూడదు." డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి సరేనంది.

టోపీ పెట్టగానే ఏటి ఒడ్డు వచ్చేసింది. గులకరాళ్ళ దగ్గర్నించి ఆకుల దాకా అన్నీ నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. రత్నం మాత్రం తన మొహంతో, తన ఖాకీ చొక్కాతో అలాగే ఉంది. పొయ్యి దగ్గర ముగ్గురూ తలెత్తారు. దగ్గరకి వెళ్తే బంటు వెనకాల తోక కూడా కనపడింది. ముప్పై రెండేళ్ళ బస్సు డ్రైవరుకి తోక పెట్టారు, వీళ్ళ మొహాలు మండ!

"మమ్మల్ని ఒప్పించమని పంపారా?" అంది బంటు.

"ఆఁ."

"ఒప్పించు మరి, చూద్దాం," అన్నాడు కొమ్ములవాడు. గొంతు డబ్బాలో రాళ్ళు పోసినట్టుంది గానీ ఆ విరుపు అచ్చం రత్నానిదే.

రత్నం వాళ్ళ పక్కన చతికిలబడింది. "మీరు ముగ్గురూ ఒకరేనని మీకెలా తెలిసింది?"

ముసలమ్మ నవ్వింది. "మేం వచ్చిన రోజే విందు పెట్టాడు మహారాజు. రాక్షసుణ్ణి చంపింది ఈ కొమ్ములాయన, విందు మాత్రం ఆ రాయి మీదున్న ఆయనగారికి. అందరూ తిని లేచాక అన్నం గిన్నె మిగిలింది. అడుగంతా మాడు. ముగ్గురం ఒకేసారి చెయ్యి పెట్టాం."

"మాడంటే ఇష్టమనా?"

"ఇష్టమా నా బొందా! ఎవరో ఒకరు తినాలి కదా అని."

ఇంట్లో గిన్నె అడుగు గోకేది రత్నమే. రత్నానికి మాడంటే ప్రాణం అని మేనత్తలూ పిన్నులూ అందరూ చెప్పుకునేవాళ్ళు. కాదని ఎప్పుడూ చెప్పలేదు. అబద్ధం అలా అలవాటై కూర్చుంది.

"మొహాలు చూసుకున్నాం. ఇంక మేమే," అంది బంటు. "అంతవరకు బాగానే ఉంది. నిన్న ఏం చేశాడో చూడు." జాకెట్టు భుజం పక్కకి లాగింది. బాణం దిగిన గాయం, ఇంకా పచ్చిగా ఉంది. "బాణం వాడి మీదకి వస్తోంది. నేను అడ్డం పడలేదు. పడేదాన్నే, ఆ టైమివ్వలేదు. జుట్టు పట్టుకుని ముందుకి లాక్కున్నాడు. పరిచయమై నాలుగు రోజులు కాలేదు, ఇదేం పెత్తనం? పరాయివాళ్ళ పిల్లని అలా లాగుతారా ఎవరైనా?"

నాలుగు రోజులు. వాళ్ళకి అంతే తెలుసు. రత్నం లేచి రాయి మీద కూర్చున్న తమ్ముడి దగ్గరకి నడిచింది.

యశ్వంత్ మొహం విప్పారింది. "అక్కా! నువ్వే వచ్చావా! బాగుంది, వీళ్ళకి కాస్త చెప్పక్కా."

ఎన్నాళ్ళకి విందో ఆ గొంతు. ఎంత కోపంతో వచ్చినా రత్నానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకుని అడిగింది. "వాళ్ళెవరో తెలుసా నీకు?"

చెప్తే తెల్లబోతాడని, ఏడుస్తాడని, కాళ్ళు పట్టుకుంటాడని దారి పొడుగునా ఊహించుకుని వచ్చింది పాపం.

"తెలుసక్కా," అన్నాడు యశ్వంత్. "ముగ్గురూ నువ్వే. వచ్చిన వారానికే తెలిసిపోయింది. ముందు తినేసి అప్పుడు మాట్లాడు అని నువ్వు కాక ఇంకెవరంటారు?"

"తెలిసే జుట్టు పట్టుకుని లాగావా?"

"ఏం కాదక్కా. మళ్ళీ వస్తారు కదా." ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "నేను పైకి చూసి 'మళ్ళీ' అంటే చాలు. తెల్లారేసరికి కొత్తగా వచ్చేస్తారు, నవ్వుకుంటూ. ఏదీ గుర్తుండదు. ఎవరికీ నొప్పుండదు."

అయితే చెరపమన్నది వీడు. డాక్టరు మొరాయింపు అంది, ముద్ర అరిగిందంది. అరిగింది ముద్ర కాదు, వీడికున్న కాస్త సిగ్గు. ఏం చేసినా తుడిచిపెట్టుకుపోతుందని తెలిశాక వీడు రోజురోజుకీ తెగించాడు. అందుకే నెలలు పట్టేది రోజుల్లోకి వచ్చింది.

"వాళ్ళకి గుర్తుండదు సరే. నీకుంటుంది కదరా."

యశ్వంత్ కవచం అంచు గోకుతూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కసారిగా అరిచాడు. "మరి నన్నేం చెయ్యమంటావు? ఒక్కణ్ణే ఉండమంటావా ఇక్కడ? నువ్వు కూడా ఒగ్గేస్తే నాకెవరున్నారు? నువ్వు ఒగ్గెయ్యవని తెలుసు కాబట్టేగా!"

వాడి కళ్ళలో భయం నిజం. అందుకే రత్నానికి ఇంకా కోపం వచ్చింది. వదలదని తెలుసు కాబట్టి! ఆ ఒక్క ధీమా మీద ఎన్నిసార్లు చంపాడు తనని! ఏం అనాలో తేల్చుకునేలోగా వాడు మెడ పైకెత్తి గట్టిగా కేకేశాడు.

"మళ్ళీ!"

రత్నం వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. యశ్వంత్ రాయి మీంచి దొర్లి గులకరాళ్ళలో పడ్డాడు. పుట్టి బుద్ధెరిగి అక్క వాడి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. ఆకాశంలో ఏమీ కదల్లేదు. డాక్టరు మాట నిలబెట్టుకుంది.

వెనక నుంచి ముగ్గురూ వచ్చారు. "మళ్ళీ అంటే ఏటి?" అంది బంటు.

ఏమీ లేదులే అని తోసెయ్యొచ్చు. తనే అయితే అలాగే తోసేసేది, పదిమంది మనసులు నొచ్చుకోకుండా. కానీ అడుగుతున్నది తనే. తనకి తను అబద్ధం చెప్పుకోవడం ఇంక చాలనిపించింది. అంతా చెప్పింది. వాడు తన తమ్ముడని, కుర్చీలో తన మనసు అచ్చుతీశాక చెయ్యి వణికిందని, విందులు చాలాసార్లు జరిగాయని, మాడు గిన్నెలో చేతులు చాలాసార్లు కలిశాయని, ఈ ఒడ్డున చాలాసార్లు రామన్నారని, అన్నప్పుడల్లా తుడిచేశారని.

"ఎన్నిసార్లు?" అన్నాడు కొమ్ములవాడు.

"లెక్క వాళ్ళకే తెలీదు."

కొమ్ములవాడు కింద పడున్న యశ్వంత్‌ని చూశాడు. ఒక్క చేత్తో ఎత్తి విసిరెయ్యగలడు. విసరలేదు. ముసలమ్మ పొయ్యిలో కట్టెలు లాగి నీళ్ళు చల్లింది. బంటు మాత్రం వాడి ముందు గొంతుక్కూర్చుంది.

"నువ్వడిగితే అడ్డం పడేదాన్నిరా," అంది. "అడగాల్సింది."

ముగ్గురూ ఏట్లో దిగారు. బంటు వెనక్కి తిరిగి రత్నాన్ని చూసింది. "చెయ్యెలా ఉంది?"

"తగ్గింది."

"అయితే ఇంక ఆ కుర్చీ ఎక్కకు."

కళ్ళు తెరిచేసరికి రత్నం కేంద్రంలో ఉంది. సన్యాసమ్మ తెర ముందే నుంచుని అంతా చూసింది, అంతా వింది. గీత దిగుతోంది. ఏదో యంత్రం కూస్తోంది.

"పడుకో రత్నం," అంది సన్యాసమ్మ. "నీ కాళ్ళు పట్టుకుంటాను. పడుకో."

"వాడికి తెలుసమ్మా. విన్నావు కదా. తెలిసే చేశాడు."

"విన్నాను. చిన్నోడే ఆడు, భయమేసింది ఆడికి."

"నాకు భయమెయ్యదా? జుట్టు పట్టుకుని బాణం ముందుకి లాగితే నాకు నొప్పెట్టదా?" రత్నం గొంతు కారిడారు దాకా వినపడింది. "ఇరవై నాలుగేళ్ళు చిన్నోడు, చిన్నోడు! నేనెప్పుడమ్మా చిన్నదాన్ని?"

సన్యాసమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది.

"కొత్త ముద్ర లేకపోతే ఏమవుతుందో నేను చెప్పలేను రత్నంగారూ," అంది డాక్టరు. మొదటిసారి గారు అంది. "మీరు వద్దంటే తియ్యను. పాతవాళ్ళనేం చెయ్యమంటారు?"

"ముట్టుకోవద్దు. వాడు మళ్ళీ అన్నా వద్దు, మా అమ్మ సరే అన్నా వద్దు. అది నా మనసండీ. వాళ్ళని పోనివ్వండి."

"వీరుడి పక్కన లేకపోతే ఆ లోకంలో వాళ్ళకి పనేముంటుంది?"

"పని లేకుండా ఉండనివ్వండి కొన్నాళ్ళు."

డాక్టరు ఆమె మొహంలోకి చూసి, మీటల పెట్టె మీంచి చెయ్యి తీసేసింది.

తెర మీద ముగ్గురూ అవతలి ఒడ్డు ఎక్కారు. కొమ్ములవాడు ముసలమ్మకి చెయ్యి అందించాడు. బంటు తడిసిన తోక పిండుకుంది. ఇటు ఒడ్డున యశ్వంత్ లేచి నుంచున్నాడు. ముందు ఆజ్ఞాపించాడు. తర్వాత మళ్ళీ, మళ్ళీ అని ఆకాశం వైపు అరిచాడు. తర్వాత తిట్లు లంకించుకున్నాడు. కవచం విప్పి నేలకేసి కొట్టాడు. కిందికి దిగుతున్న గీత అక్కడ ఒకసారి ఎగిరిపడింది. "కోపం," అంది డాక్టరు ఊపిరి బిగబట్టి. "ఇన్నాళ్ళలో ఇంత ఎత్తు ఎప్పుడూ లేదు. కానీ నిలుస్తుందో లేదో చెప్పలేను."

యశ్వంత్ నీళ్ళలోకి దిగాడు. రెండడుగులకే జారిపడ్డాడు. నీళ్ళు మింగి, దగ్గి, పైకి లేచాడు. నడుం దాకా నీళ్ళలో నిలబడి ఏడుపు గొంతుతో పిలిచాడు.

"అక్కా! అక్కా!"

సన్యాసమ్మ రత్నం కొంగు... కొంగెక్కడిది, ఖాకీ చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "నిన్నేనే పిలుస్తున్నాడు. ఇక్కడ్నించి మాట్లాడితే ఆడికి వినపడతాదంట. ఒక్కసారి పలకవే. ఒక్కసారి."

డాక్టరు మైకు ముందుకి జరిపింది.

వాడు పిలిస్తే ఆఁ అనడం రత్నానికి ఊపిరి తీసుకోవడం లాంటిది. వాడికి మాటలొచ్చిన దగ్గర్నించి అంతే. స్నానంలో ఉన్నా, నిద్రలో ఉన్నా, వాడు అక్కా అంటే ఆఁ వస్తున్నా అని నోరు దానంతటదే అనేది. ఇప్పుడూ గొంతు దాకా వచ్చింది. పెదాలు బిగించి మింగేసింది. మింగుతుంటే నొప్పెట్టింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి, అయినా మింగేసింది.

"పలకను," అంది.

నీళ్ళలో యశ్వంత్ చాలాసేపు చెవులు రిక్కించి నిలబడ్డాడు. అటు ఒడ్డు నుంచీ ఎవరూ పలకలేదు, పైనుంచీ ఎవరూ పలకలేదు. ముక్కు తుడుచుకుని, అక్కని బూతులు తిడుతూ, అవతలి ఒడ్డు వైపు ఇంకో అడుగు వేశాడు.